వాల్బుర్గా గుడి కింద మంచం

ఆ ఏడు, క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలం రెండో ఆదివారం నాడు పూజ మధ్యలో గుడి చల్లబడింది. ఫాదర్ కిల్‌గాలన్ ప్రసంగం చెబుతుంటే ఆయన నోట్లోంచి ఆవిరి రావడం మూడో వరుసలో కూర్చున్న నాకు స్పష్టంగా కనిపించింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. మావాళ్ళు అలా లేచే రకం కాదు. కోటు బొత్తాలు మెడ దాకా పెట్టుకున్నారు, చేతులు చంకల్లో దూర్చుకున్నారు. అందరి చెవులూ ఫాదర్ మాటల మీద కాదు, కాళ్ళ కింది నేల మీద ఉన్నాయి. ఆ నేల కింద, బాయిలర్ దగ్గర, మా ఆయన క్లీటస్ ఉన్నాడు.

గోడల వెంట పోయే ఆవిరి గొట్టాలు చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. కానుకల సమర్పణ వేళకి ఒక మూల టంగుమంది. తరువాత ఇంకో మూల. చివరికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గొట్టాలన్నీ దగ్గడం మొదలుపెట్టాయి. పూజ అయ్యేసరికి వేళ్ళకి స్పర్శ వచ్చింది. క్లీటస్ నేలమాళిగ మెట్లెక్కి పక్క తలుపులోంచి లోపలికి వచ్చాడు. మొహాన మసి, చేతిలో గుడ్డపీలిక. ఉన్న అరవై మందీ లేచి చప్పట్లు కొట్టారు.

పాటల బృందాన్ని నడిపే రోజీనా హాబర్‌కోర్న్ పై అంతస్తు నుంచి పనిగట్టుకుని దిగివచ్చి ఆయన భుజం తట్టింది. "క్లీటస్ ఉన్నంతకాలం ఈ గుడికి చావు లేదు," అంది అందరికీ వినబడేలా.

ఆయన నవ్వాడు. నవ్వుతున్నంతసేపూ ఆయన కుడిచెయ్యి తలుపు చట్రాన్ని పట్టుకునే ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. వదిలితే పడిపోతాడని నాకు అర్థమైంది.

అప్పటికే, నగరంలోని మా గుళ్ళన్నిటికీ పెద్ద అయిన పీఠాధిపతి గారి ఉత్తరం వచ్చి నెలయింది. నగరంలో పాత విచారణలు, అంటే ఒక్కో గుడికి చెందిన సంఘాలు, ఎక్కువ, వాటిని చూసే గురువులు తక్కువ. ఏ గుడి ఉంటుందో ఏది మూతపడుతుందో ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలం నాటికి తేలుస్తామని రాశారు. మా పునీత వాల్బుర్గా గుడిని జర్మనీ నుంచి అమెరికాకి వచ్చిన తోలు పనివాళ్ళూ, బీరు కాచేవాళ్ళూ కట్టుకున్నారు. కిటికీ అద్దాల మీద పునీతుల పాదాల కింద ఇప్పటికీ వాళ్ళ పేర్లు జర్మన్‌లోనే ఉంటాయి. మా తాతది ఒకటి, క్లీటస్ వాళ్ళ తాతది ఒకటి. బీరు ఫ్యాక్టరీ మూసేశాక పిల్లలున్న వాళ్ళందరూ ఊరి బయటి కొత్త పేటలకి వెళ్ళిపోయారు. పాత పేటలో మేమూ, మాలాంటివాళ్ళూ మిగిలాం. ఫాదర్ కిల్‌గాలన్ మూడు గుళ్ళకి ఒక్కడే. ఐరిష్ మనిషి. వచ్చిన కొత్తలో మా విందులో సాసేజీలోకి ఆవాల ముద్ద వద్దని కెచప్ అడిగాడు. రోజీనా అది మూడేళ్ళయినా మరచిపోలేదు. ఆ మాట ఆయన దగ్గర ఎత్తి పొడిచినా ఆయన నొచ్చుకునేవాడు కాదు. నొచ్చుకోవడానికి కూడా ఓపిక ఉండాలి కదా, అది ఆయనకి లేదు.

గుడిని నిలబెట్టాలని ఒక కమిటీ వేశారు. రోజీనా దానికి పెద్ద, నేను సభ్యురాలిని. ఆ సంగతి ముందే చెప్పేస్తే నయం.

క్లీటస్ ముప్పై ఏళ్ళు బీరు ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టాల పని చేశాడు. గుడి బాయిలర్ ఆయన కన్నా వయసులో పెద్దది. ఒకప్పుడు బొగ్గుతో మండేది, తరువాత గ్యాసుకి మార్చారు. లోపల నీళ్ళు తగ్గితే మంట దానంతట అదే ఆరిపోవాలి, లేకపోతే బాయిలర్ పగిలిపోతుంది. ఆ ఏర్పాటు ఎన్నడో చెడిపోయింది, దానికి సరిపడే భాగం ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదు. అందుకని ఒక మనిషి పక్కనే కూర్చుని, గాజు గొట్టంలో నీటిమట్టం చూస్తూ, తగ్గినప్పుడల్లా చేత్తో నీళ్ళు వదలాలి. అంత ఎత్తు గుడి వేడెక్కాలంటే ముందురోజు నుంచే మండాలి. శనివారం భోజనం కాగానే క్లీటస్ ఫ్లాస్కూ, రొట్టె పొట్లమూ పట్టుకుని బయలుదేరేవాడు. మళ్ళీ ఇంటికి రావడం ఆదివారం పూజ అయ్యాకే. బాయిలర్ పక్కన ఒక మడత మంచం వేసుకున్నాడు, దాని మీద ఒక సైనికుల దుప్పటి. అప్పటికి ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు.

జనవరిలో వచ్చిన చలి అలాంటిలాంటిది కాదు. ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలికి వీధిలో చెట్ల కొమ్మలు విరిగి పడ్డాయి. ముగ్గురు రాజుల పండుగ దాటిన వారం, ఆదివారం తెల్లారాక, బఠాణీ సూపు గిన్నె పట్టుకుని గుడికి వెళ్ళాను. నేలమాళిగకి పంతొమ్మిది మెట్లు. క్లీటస్ ఏడో మెట్టు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపైంది ఇక్కడ?" అన్నాను.

"ఇప్పుడే కూర్చున్నా."

చెయ్యి పట్టుకుని చూశాను. ఆ మెట్టు మీది రాయి ఎంత చల్లగా ఉందో చెయ్యీ అంత చల్లగా ఉంది. పద, ఆసుపత్రికి పోదాం అన్నాను. పూజ అయ్యాక అన్నాడు.

"క్లీటస్."

"నువ్వు చూసింది ఎవరికీ చెప్పకు లియోనా. రోజీనాకి అసలు చెప్పకు. ఇప్పుడే ఆవిరి లేచింది. కిందకి పోయి ఆ గాజు గొట్టంలో నీళ్ళు సగానికి ఉన్నాయో లేదో చూస్తావా? తగ్గితే ఎర్ర చక్రం ఎడమకి తిప్పు. నేను కాసేపు ఇక్కడే ఉంటా."

ఆ ఆదివారం నేను పూజకి వెళ్ళలేదు. బాయిలర్ ముందు మంచం మీద కూర్చుని గాజు గొట్టం చూస్తూ ఉన్నాను. మా తలల మీద జనం లేచారు, మోకరించారు, పాడారు. రోజీనా గొంతు అందరి గొంతుల మీంచి వినబడింది. నీళ్ళు రెండుసార్లు తగ్గాయి. రెండుసార్లూ చక్రం తిప్పాను. మెట్ల మీద క్లీటస్ దగ్గినప్పుడల్లా ఉన్నాడని తెలిసేది. దగ్గు ఆగితే తల తిప్పి చూసేదాన్ని.

డాక్టరు గుండె సగమే పనిచేస్తోందన్నాడు. మెట్లు ఎక్కొద్దు, చలిలో తిరగొద్దు, బరువులు ఎత్తొద్దు అన్నాడు. క్లీటస్ అన్నిటికీ తల ఊపి, మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఫ్లాస్కు కడగడం మొదలుపెట్టాడు.

మేము పోట్లాడుకునే మొగుడూ పెళ్ళాలం కాదు. ఆ రోజు మాత్రం పోట్లాడుకున్నాం. ఇంకెవరికైనా నేర్పమన్నాను. ఎవరికి అన్నాడు. నేను ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ వచ్చాను. ఒకరికి తుంటి మార్చారు, ఒకరికి కళ్ళు కనబడవు, ఇద్దరు అప్పటికే పోయారు. చెప్పడానికి పేర్లు అయిపోయాయి. అయితే ఒక్క ఆదివారం చల్లగా ఉండనియ్యి అన్నాను. చల్లగా ఉంటే వచ్చే అరవై మంది ముప్పై అవుతారు, ముప్పై మంది కోసం పీఠాధిపతి గుడి తెరిచి ఉంచుతాడా అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఆయన మఫ్లరు చుట్టుకుంటుంటే నేను ఇస్త్రీ చేస్తూ నిలబడ్డాను. బలిపీఠం మీది గుడ్డలు ముప్పై అయిదేళ్ళుగా నేనే ఉతికి గంజి పెడుతున్నాను. ఆ రోజు మొదటిసారి ఆ తెల్లగుడ్డ మీద ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసి కాల్చేద్దామా అనిపించింది. కాల్చలేదు. అంచులు సరిచేసి మడత పెట్టాను.

బాయిలరూ, పైకప్పూ చూసి నివేదిక రాయడానికి పీఠాధిపతి కార్యాలయమైన మేత్రాసనం నుంచి ఒక ఇంజనీరు వస్తున్నాడని జనవరి చివర కబురు వచ్చింది. గురువారం పొద్దున. ఆ వారం క్లీటస్ జ్వరంతో మంచం పట్టాడు. గుడి తాళాలు నా చేతికిచ్చి, ఏం చెప్పాలో రెండుసార్లు చెప్పాడు. నీళ్ళు తగ్గితే మంట తనే ఆరిపోతుందని చెప్పాలి. వారానికోసారి ఆయన వచ్చి చూసి పోతాడని చెప్పాలి. అంతకు మించి నోరు మెదపకూడదు. అరగంట తరువాత రోజీనా ఫోన్ చేసి మళ్ళీ అవే మాటలు చెప్పింది. "నువ్వు మొహమాటానికి పోయి ఏదో ఒకటి వాగుతావు, నాకు తెలుసు. ఆ మనిషికి కాఫీ ఇచ్చి పంపెయ్," అంది.

ఇంజనీరు పేరు సడోవ్‌స్కీ. యాభై ఏళ్ళుంటాయి, పోలండు వాళ్ళ సంతతి. గుడిలో అడుగు పెట్టగానే టోపీ తీసి, తీర్థజలంలో వేళ్ళు ముంచి సిలువ గుర్తు వేసుకున్నాడు. నగరానికి అవతలి పక్క వాళ్ళ అమ్మ పెళ్ళి చేసుకున్న గుడిని కిందటేడు మూసేశారట. తనే నివేదిక రాశాడో లేదో చెప్పలేదు, నేనూ అడగలేదు. పైకప్పు చూశాడు, గంటల గోపురం ఎక్కి వచ్చాడు, తరువాత నాతో కిందకి దిగాడు. టార్చి వేసి బాయిలర్ చుట్టూ తిరిగి, రెంచితో అక్కడక్కడా తట్టాడు. గొట్టాల అతుకుల దగ్గర క్లీటస్ పూసిన ముద్ద మీద వేలు పెట్టి చూశాడు.

"ముసలిదే కానీ బాగా చూసుకున్నారు," అన్నాడు. "ఇంకో అయిదేళ్ళు నడుస్తుంది." కాగితాల అట్ట తీసి, పెన్ను విప్పి, తల ఎత్తకుండానే అడిగాడు: "నీళ్ళు తగ్గితే మంట దానంతట అదే ఆరుతుంది కదా?"

"ఆరదు," అన్నాను.

పెన్ను ఆగింది. "మరి ఎవరు చూస్తారు?"

నేను మంచం వైపు చూపించాను. ఆయన అటు చూశాడు. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. గోడ మేకుకి జపమాల. తలగడ పక్కన చెక్కపెట్టె మీద గుండె మాత్రల సీసా.

"ఆయన వయసెంత?"

చెప్పాను. సడోవ్‌స్కీ పెన్నుకి మూత పెట్టాడు. తరువాత నాకు చెవుడేమో అన్నట్టు నెమ్మదిగా అన్నాడు: "అమ్మా, ఇది నేను రాస్తే ఏమవుతుందో మీకు తెలుసా?"

"తెలుసు."

"రాయమంటారా?"

"రాయండి."

రాశాడు. కాఫీ ఇస్తానన్నాను, వద్దన్నాడు. పైకి వచ్చాక దీపాలన్నీ ఆర్పి, తలుపు తాళం వేసి, పేవ్‌మెంటు మీద మంచు జాగ్రత్తగా తప్పించుకుంటూ ఇంటికి నడిచాను. క్లీటస్ దిండుకి ఆనుకుని నా కోసమే చూస్తున్నాడు. ఏమన్నాడని అడిగాడు.

"బాగా చూసుకున్నారన్నాడు. ఇంకో అయిదేళ్ళు నడుస్తుందన్నాడు."

రెండూ ఆ మనిషి అన్న మాటలే. క్లీటస్ కళ్ళు మూసుకుని నవ్వాడు. వారం రోజుల్లో మొదటిసారి గాఢంగా నిద్రపోయాడు. నేను వంటింట్లో కూర్చుని పొద్దుటి రొట్టె ముక్కని సాయంత్రం దాకా చూస్తూ ఉండిపోయాను.

ఫిబ్రవరి మూడో ఆదివారం ఫాదర్ కిల్‌గాలన్ ఉత్తరం చదివాడు. మార్చిలో పునీత జోజప్ప పండుగ దాటిన ఆదివారం మా గుడిలో ఆఖరి పూజ. కారణాలు చాలానే రాశారు: తగ్గిన జనం, గురువుల కొరత, పైకప్పు. చివర బాయిలర్. ఒక వృద్ధుడు దాని పక్కన పడుకుని కాపలా కాస్తే తప్ప నడవని స్థితిలో ఉందని, అలాంటి ప్రమాదానికి మేత్రాసనం బాధ్యత తీసుకోలేదని. ఆ వాక్యంతో ఫాదర్ చదవడం ఆపాడు. ఉత్తరం మడిచి, ఇక ప్రసంగం చెప్పకుండా విశ్వాస ప్రమాణం మొదలుపెట్టాడు. జనం లేచి నిలబడి ఆ ప్రమాణం చెప్పారు. పక్కవాళ్ళ మొహాలు ఎవరూ చూడలేదు. కింద ఉన్న క్లీటస్‌కి సంగతి పూజ అయ్యాక ఎవరో చెప్పారు.

తరువాతి శుక్రవారం వాల్బుర్గా పండుగ. విందు ఆపేద్దామన్నారు కొందరు. రోజీనా ఒప్పుకోలేదు. చచ్చినవాళ్ళకి కూడా భోజనం పెడతాం కదా అంది. నేనూ ఆవిడా హాలు వంటగదిలో బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కూర్చున్నాం. పక్క పొయ్యి మీద పులిసిన క్యాబేజీ ఉడుకుతోంది. మిగతా ఆడవాళ్ళు బల్లలు సర్దడానికి వెళ్ళారు. రోజీనాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. భర్త పోయి ఇరవై ఏళ్ళు, పిల్లలు లేరు. వారంలో ఆవిడ నోరు తెరిచి మాట్లాడేది ఆదివారమూ, పాటల సాధన ఉన్న బుధవారమూ మాత్రమేనని నాకు తెలుసు.

"ఆ మనిషికి మంచం సంగతి ఎవరు చెప్పారు?" అంది చేతిలో దుంప వైపే చూస్తూ. "మంచం చూసినా తెలియదు. ఎవరో చెప్పాలి."

"నేనే చెప్పాను."

ఆవిడ కత్తి ఆగలేదు. ఆ దుంప చెక్కు పూర్తిగా తీసి, దాని మీది మొలక కళ్ళు కూడా గిల్లి, నీళ్ళలో వేసింది. ఇంకో దుంప తీసుకుంది. అది కూడా పూర్తయింది.

"నాకెందుకు చెప్పావు?" అంది అప్పుడు. "అడిగినా చెప్పకుండా ఉండాల్సింది. నాకు తెలియకపోతే నీతో ఎప్పట్లాగే ఉండేదాన్ని."

నేను దుంపల గిన్నెలో నీళ్ళు మార్చాను.

"క్లీటస్‌కి తెలుసా?"

"తెలియదు."

"ఇవాళే చెప్పు. నా నోరు నీకు తెలుసుగా."

విందు బాగానే జరిగింది. అలా అనడం వింతగా ఉంటుంది కానీ నిజంగానే బాగా జరిగింది. ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళు కూడా మనవల్ని వెంటబెట్టుకుని వచ్చారు, ప్లేట్లు చాలలేదు. ఫాదర్ కిల్‌గాలన్ ఆ పూట అడగకుండానే ఆవాల ముద్ద వేయించుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా తిన్నాడు. అది కారానికో మరి దేనికో.

ఇంటికి నడుస్తూ క్లీటస్‌కి చెప్పాను. ఆయన పీఠాధిపతిని తిడుతున్నాడు, ఆ పోలిష్ ఇంజనీరుని తిడుతున్నాడు. బాగుందని మొహం మీద చెప్పి వెనక నుంచి పొడిచాడని. ఆ మాట ఆ మనిషి మీద ఉండనివ్వడం న్యాయం కాదనిపించింది.

"ఆయన పొడవలేదు. నేను చెప్పాను."

క్లీటస్ ఆగాడు. "వాడు అడిగాడా, నువ్వే చెప్పావా?"

"అడిగాడు. నువ్వు చెప్పమన్నది చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు."

ఆయన నా వైపు చూడలేదు. ముందుకి నడిచాడు. మామూలుగా నా నడకతో కలిపి నడిచేవాడు, ఆ రోజు పెద్ద అంగలు వేశాడు. వీధి మలుపు దాకా వెళ్ళేసరికి ఊపిరందక దీపస్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నేనూ పది అడుగుల వెనక నిలబడ్డాను. వెళ్ళి పట్టుకుందామని అనిపించింది. పట్టుకుంటే విదిలించుకుంటాడు, విదిలించుకుంటే ఇంకా ఊపిరందదు. అందుకని ఆయన మళ్ళీ నడిచేదాకా మంచులో అలాగే నిలబడి ఉన్నాను.

ఆ తరువాత నాలుగు వారాలు మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఉప్పు. ఉత్తరాలు. మాత్రలు వేసుకున్నావా. ఊఁ. శనివారాలు ఆయన ఎప్పటిలాగే గుడికి వెళ్ళాడు. మూసేయబోయే గుడికి కూడా వేడి కావాలి కదా. నేను ఆపలేదు. ఆపే హక్కు ఎలాగూ ఒకసారి వాడేసుకున్నాను.

ఆఖరి పూజకి పీఠాధిపతి స్వయంగా వచ్చారు. గుడి నిండిపోయింది, తలుపుల దాకా నిలబడ్డారు. రోజీనా బృందం తాతల నాటి జర్మన్ కీర్తనలన్నీ పాడింది. మాటలు తెలియనివాళ్ళు కూడా రాగం పట్టుకున్నారు. చివర్లో దివ్యసత్ప్రసాదపు అప్పాన్ని, అది ఎప్పుడూ ఉండే మందసంలోంచి తీసి, ఆ చిన్న తలుపు తెరిచే ఉంచారు. లోపల ఖాళీ కనిపించింది. దాన్ని చూడలేక నేను పక్క తలుపులోంచి బయటపడి, పంతొమ్మిది మెట్లూ దిగి కిందకి వెళ్ళాను.

క్లీటస్ బాయిలర్ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. పైన అడుగుల చప్పుడు మెల్లగా పల్చబడుతోంది. అంతా వెళ్ళారా అని అడిగాడు. వెళుతున్నారన్నాను. ఇద్దరం పైకి చూస్తూ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా ఆగాం.

అప్పుడు ఆయన గోడ పక్కన ఉన్న గ్యాసు వాల్వు చూపించాడు. "నువ్వే కట్టెయ్," అన్నాడు.

ఆ మాట కోపంగా అన్నాడో, ఇంకెలా అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. గొంతులో ఏ భావమూ లేదు. నేను వెళ్ళి వాల్వు పట్టుకున్నాను. ఒక చేత్తో కదల్లేదు, రెండు చేతులూ వేశాను. కొంచెం కొంచెంగా తిరిగింది. లోపల నీలం మంట ముందు పొట్టిదై, తరువాత ఒక వరుసగా ఆరిపోయింది. ఇనుము చల్లబడుతూ టిక్కుటిక్కుమంది. క్లీటస్ లేచి దుప్పటి చంకన పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, కుడిచెయ్యి నా వైపు చాపాడు. చెయ్యి పట్టుకున్నాను. పంతొమ్మిది మెట్లు ఎక్కడానికి మాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మూడుసార్లు ఆగాం.

తరువాతి ఆదివారం ఆయన ఎనిమిదింటి దాకా నిద్రపోయాడు. కొత్త విచారణ ఊరి బయట ఉంది, తివాచీలు పరిచిన గుడి. వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో కనబడదు. రోజీనా కూడా అక్కడికే వచ్చేది. నాతో మాట్లాడేది, మంచూ కీళ్ళనొప్పులూ గురించి. చనిపోయేదాకా మళ్ళీ నన్ను పేరు పెట్టి మాత్రం పిలవలేదు.

క్లీటస్ ఆ తరువాత ఆరేళ్ళు బతికాడు. చివరి ఏడు నడుం వంగక, కాళ్ళ గోళ్ళు నేనే తీసేదాన్ని. ఒక పొద్దున వంటింట్లో వేడినీళ్ళ తొట్టిలో ఆయన పాదం నానబెట్టి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తున్నాను. బయట వాన. ఉన్నట్టుండి అన్నాడు:

"ఆ బాయిలర్ నన్ను చంపేసేదే."

నేను తల ఎత్తలేదు.

"తెలిసే వెళ్ళేవాణ్ణి. నాకు ఫరవాలేదనిపించేది. నీకెలా ఉంటుందో ఒక్కసారి కూడా అడగలేదు."

"అడిగితే మొదట్లో నేనూ వెళ్ళమనే చెప్పేదాన్ని," అన్నాను.

ఆయన అవునన్నట్టు తల ఊపాడు. వాన చూస్తూ కూర్చున్నాడు.

"రెండో కాలు పెట్టు," అన్నాను.